డ్రమ్ము మీద పేరు చదవండి: కెమికల్ ఫ్యాక్టరీలో పనిచేసే మగవాళ్లు సంతాన ఆరోగ్యాన్ని కాపాడుకోవడం ఎలా

పటాన్‌చెరు కానివ్వండి, జీడిమెట్ల కానివ్వండి, పరవాడ కానివ్వండి, మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజు మంటల గురించి, పేలుళ్ల గురించి, యాసిడ్ మీద పడితే ఏం చేయాలన్న దాని గురించి చెబుతారు. చెప్పాల్సిందే. సాల్వెంటు (కెమికల్స్‌ను కరిగించే ద్రవం) ఆవిరి, పౌడరు దుమ్ము వృషణాల్లో ఏం చేస్తాయో మాత్రం ఎవరూ చెప్పరు. అడగడానికి కుర్రాళ్లకు సిగ్గు, చెప్పడానికి పెద్దవాళ్లకు మొహమాటం.

నేను ముందు ప్రొడక్షన్‌లో, తర్వాత సేఫ్టీలో పనిచేశాను. క్యాంటీన్‌లో అందరూ లేచి వెళ్లాక పక్కకొచ్చి కూర్చుని "సార్, ఒక్క మాట" అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. పెళ్లై మూడు నాలుగేళ్లు అయి ఉంటుంది. భార్యకు స్కానింగులు, థైరాయిడ్ పరీక్షలు, ట్యూబ్ టెస్టు కూడా అయిపోయి ఉంటాయి. "మరి నీకేం టెస్టు చేశారు?" అని అడిగితే తల వంచుకుంటారు. వాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

లోపల ఏం జరుగుతుంది

వృషణంలో మూడు రకాల కణాలను గుర్తుపెట్టుకుంటే చాలు. లేడిగ్ కణాలు టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోనును తయారుచేస్తాయి. సెర్టోలి కణాలు ఎదిగే వీర్యకణాలను సాకుతాయి. మూడోవి, వీర్యకణాలుగా మారాల్సిన బీజకణాలు. లేడిగ్‌లో, సెర్టోలిలో ఉన్న డీఎన్ఏ ఒకటే. ఏ జన్యువు పనిచేస్తోంది, ఏది ఆగి ఉంది అన్న దగ్గరే తేడా అంతా. మన ఫ్యాక్టరీ లెక్కన చెప్పాలంటే బీఎంఆర్, అంటే బ్యాచ్ తయారీ వివరాల పుస్తకం ఒకటే, ఏ బ్లాకులో ఏ పేజీ తెరిచారన్నది వేరు. కొన్ని కెమికల్స్ పుస్తకంలో అక్షరాలే మార్చేస్తాయి. అది మ్యుటేషన్. ఇంకొన్ని అక్షరం జోలికి పోవు, తెరవాల్సిన పేజీని తెరవనివ్వవు. నొప్పి ఉండదు, వాపు ఉండదు, మగతనంలో తేడా తెలియదు. అందుకే ఒంట్లో బాగానే ఉంది కదా అని ధీమాగా ఉండడానికి లేదు.

బాగా పరిశోధన జరిగిన ఉదాహరణ డైబ్యూటైల్ థాలేట్, డీబీపీ అంటారు. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి, కొన్ని మాత్రల పూతల్లో వాడిన నూనెలాంటి ద్రవం. కడుపుతో ఉన్న ఎలుకకు దీన్ని ఇచ్చి, లోపలి మగపిల్ల వృషణాలు తీసి చూస్తే కొన్ని జన్యువుల చురుకు పడిపోయి కనిపించింది. స్టార్ అనే జన్యువు కొలెస్టరాల్‌ను మైటోకాండ్రియా లోపలికి చేర్చే ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. సిప్11ఏ1, సిప్17ఏ1 ఆ కొలెస్టరాల్‌ను మెట్టు మెట్టుగా టెస్టోస్టిరాన్ వైపు నడిపే ఎంజైములవి. ఈ మూడూ తగ్గాయి. ఇన్సెల్3 అనే ఇంకో జన్యువూ తగ్గింది. వృషణం పొట్టలోంచి కిందికి దిగడానికి ఆ జన్యువు తయారుచేయించే హార్మోను కావాలి. అది తగ్గితే పుట్టిన పిల్లకు వృషణం పైనే ఉండిపోవచ్చు. ఇక్కడ డీఎన్ఏలో ఒక్క అక్షరం కూడా మారలేదు.

రెండోది మిథైల్ సెల్లోసాల్వ్, అంటే 2-మిథాక్సీ ఇథనాల్. పెయింట్లలో, ఇంకుల్లో, కొన్ని సింథసిస్‌లలో సాల్వెంటుగా వాడతారు. చర్మం గుండా ఇట్టే లోపలికి పోతుంది. ఒంట్లో అది మిథాక్సీ అసిటిక్ యాసిడ్‌గా మారుతుంది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీది గుర్తులను తీసేసే ఎంజైమును ఆ యాసిడ్ అడ్డుకుంటుంది. దాంతో ఆగి ఉండాల్సిన జన్యువులు కూడా లేస్తాయి. ఎలుకల్లో దీని దెబ్బ సగం ఎదిగిన బీజకణాల మీద పడి అవి చచ్చిపోతాయి.

మూడోది మనం తయారుచేసే సరుకే. దీని గురించి ఎవరూ ఆలోచించరు గానీ నాకు ఎక్కువ భయం దీనితోనే. ప్రొస్టేట్ క్యాన్సర్ మందు బైకాల్యుటమైడ్ పనల్లా టెస్టోస్టిరాన్ వచ్చి అతుక్కునే ఆండ్రోజన్ రిసెప్టర్ మీద కూర్చుని, టెస్టోస్టిరాన్ చెప్పిన జన్యువులు పనిచేయకుండా ఆపడమే. ఇందాక చెప్పిన సిప్17ఏ1 ఎంజైమును నేరుగా మూసేయడానికి తయారైన మందు అబిరాటిరోన్. రోగికి అది ప్రాణం పోస్తుంది. అదే పౌడరు డ్రయ్యర్ దగ్గర రోజూ పీల్చే ఆపరేటర్‌కు దాని అవసరమేంటి? సైక్లోఫాస్ఫమైడ్, బుసల్ఫాన్ లాంటి క్యాన్సర్ మందులైతే బీజకణాలనే చంపుతాయి.

ముందు పేరు, తర్వాత నంబరు

మీ బ్లాకులో వాడే ప్రతి కెమికల్ పేరూ ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. "సాల్వెంట్-2", "ఆర్ఎం-14" లాంటి స్టోర్స్ కోడ్లు పనికిరావు. డ్రమ్ము మీద లేబుల్ చూడండి, పేరు కింద సీఏఎస్ నంబరు, అంటే ఆ కెమికల్ గుర్తింపు సంఖ్య ఉంటుంది. డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ అనే సాల్వెంటు) అయితే 68-12-2, ఎన్-హెక్సేన్ 110-54-3, టోలీన్ 108-88-3, మిథైల్ సెల్లోసాల్వ్ 109-86-4, డీబీపీ 84-74-2. ఒకే కెమికల్‌కు నాలుగు పేర్లుంటాయి, ఈ నంబరు మాత్రం ఒక్కటే.

తర్వాత ఆ కెమికల్ ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే సేఫ్టీ డేటా షీట్ అడగండి. మనవాళ్లు ఇంకా ఎంఎస్‌డీఎస్ అనే అంటారు. "నీకెందుకు?" అని ఎవరైనా కసురుకుంటే వెనక్కి తగ్గొద్దు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడే, తన ఆరోగ్యానికి సంబంధించిన సమాచారం అడిగే హక్కు కార్మికుడికి చట్టంలో రాశారు. కాంట్రాక్ట్ కార్మికుడైనా సరే, అతనిదీ ఊపిరే.

ఆ షీట్‌లో 16 భాగాలుంటాయి. అంతా చదవక్కర్లేదు. రెండో భాగంలో ప్రమాద సంకేతాలుంటాయి. హెచ్ 360 అని ఉంటే సంతాన శక్తినో, కడుపులో బిడ్డనో దెబ్బతీస్తుందని అర్థం. హెచ్ 361 అంటే దెబ్బతీస్తుందని అనుమానం. పక్కన ఎఫ్ అనే అక్షరం ఉంటే అది సంతాన శక్తి గురించి, డి ఉంటే బిడ్డ గురించి. మిథైల్ సెల్లోసాల్వ్‌కు 360 పక్కన ఎఫ్, డి రెండూ ఉంటాయి. డీఎంఎఫ్‌కు 360 పక్కన డి. హెక్సేన్‌కు 361 పక్కన ఎఫ్. బియ్యం తవుడు నూనె తీసే సాల్వెంట్ ప్లాంట్లలో పనిచేసేవాళ్లు ఈ హెక్సేన్ మాట గుర్తుపెట్టుకోవాలి. లేబుల్ మీద మనిషి బొమ్మ గుండెలో నక్షత్రంలా పగిలినట్టున్న గుర్తు కనిపిస్తే, వెంటనే ఈ సంకేతాలు వెతకండి.

ఎనిమిదో భాగంలో ఏ గ్లవ్స్, ఏ మాస్కు అన్నది ఉంటుంది. పదకొండో భాగంలో జంతువుల మీద, మనుషుల మీద ఏం కనిపించిందో రాస్తారు. "టెస్టిక్యులర్ అట్రోఫీ" అన్న మాట దొరికితే వృషణాలు కుంచించుకుపోయాయని అర్థం. సప్లయర్ ఇచ్చిన షీట్ మీద అనుమానముంటే సీఏఎస్ నంబరుతో యూరోపియన్ కెమికల్స్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో వెతికి పోల్చుకోండి. మన దగ్గర తిరిగే కొన్ని షీట్లలో ఈ సంకేతాలు ఎగిరిపోయి ఉండడం నేను కళ్లారా చూశాను.

"నో డేటా అవైలబుల్" అని ఉంటే మాత్రం అది అభయం కాదు. 1990ల మధ్యలో దక్షిణ కొరియాలో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ, విడిభాగాలు శుభ్రం చేసే పాత ద్రావణానికి బదులుగా 2-బ్రోమోప్రొపేన్ ఉన్నదాన్ని వాడింది. దాని విషగుణం గురించి అప్పటికి పెద్దగా సమాచారం లేదు. కొన్నాళ్లకు అక్కడి ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయింది, మగవాళ్లలో వీర్యకణాలు తగ్గిపోయాయి. దీనికి పూర్తి విరుద్ధమైనది కాలిఫోర్నియాలోని లాత్రాప్ పురుగుమందుల ఫ్యాక్టరీ కథ. నేలలోని నులిపురుగులను చంపే పురుగుమందు డీబీసీపీ ఎలుకల వృషణాలను పాడుచేస్తుందని 1961లోనే అచ్చయింది. ఆ సంగతి పనివాళ్ల దాకా రాలేదు. 1977లో వాళ్లే మాటల్లో మాటగా "నీకూ పిల్లల్లేరా, నాకూ లేరు" అనుకుని పరీక్షలు చేయించుకున్నాకే బయటపడింది. ఎక్కువకాలం పనిచేసినవాళ్లలో కొందరికి వీర్యంలో ఒక్క కణమూ లేదు. కొందరు కోలుకున్నారు, కొందరికి తిరిగి రానేలేదు. అమెరికా ప్రభుత్వం 1979లో దాదాపు అన్ని వాడకాలనూ ఆపేసింది.

తెరిచినప్పుడే ప్రమాదం

రియాక్టర్ మూసి ఉన్నంతసేపు మీకు తగిలేది తక్కువ. మ్యాన్‌హోల్ తెరిచి పౌడరు ఛార్జ్ చేసేటప్పుడు, శాంపిల్ తీసేటప్పుడు, డ్రమ్ము వంచి పోసేటప్పుడు, డ్రయ్యర్ ట్రేలు దులిపేటప్పుడు, మిల్లింగ్, సిఫ్టింగ్ దగ్గర అసలు మోతాదు పడుతుంది.

అన్నిటికన్నా సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి సరుకును సాల్వెంటు నుంచి వేరుచేసే యంత్రం) అన్‌లోడింగ్ గురించి చెప్పాలి. మూత తీస్తారు. లోపల గోడకు తడి కేక్, అంటే సరుకు ముద్ద అంటుకుని ఉంటుంది, అందులో ఇంకా బోలెడు సాల్వెంటు. ఆపరేటర్ నడుము దాకా వంగి స్కూప్‌తో గీకుతాడు, మొహం సరిగ్గా ఆవిరి లేచే చోట ఉంటుంది. చెమటకు మాస్కు జారుతుంది, తెల్లవారుజాము మూడింటికి దాన్ని మెడలోకి లాగేసుకుంటాడు. మొదట ఘాటుగా కొట్టిన టోలీన్ కాసేపటికి తెలియదు, ముక్కు అలవాటుపడిపోతుంది. వాసన పోయిందంటే ఆవిరి పోయినట్టు కాదు. కేక్‌ను బాగా స్పిన్ చేసి, నైట్రోజన్‌తో ఆరబెట్టి, ఆవిరిని అక్కడే లాగేసే లోకల్ ఎగ్జాస్ట్ నడుస్తోందో లేదో ఒక పేపరు ముక్క పెట్టి లాగుతోందా అని చూసుకుని అప్పుడు మూత తీయండి. కింది నుంచి అన్‌లోడ్ అయ్యే సెంట్రిఫ్యూజ్ కావాలని సేఫ్టీ కమిటీలో రాతపూర్వకంగా అడగండి. మాస్కులకన్నా అదే అసలు పరిష్కారం.

మాస్కు సంగతి. బట్ట మాస్కు, ఎన్95 ఆవిరిని ఆపవు. సాల్వెంటుకు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ కావాలి, పౌడరుకు పీ3 లేదా పీ100 ఫిల్టర్ కావాలి, రెండూ ఉన్నచోట రెండూ ఉన్నది కావాలి. గడ్డం ఉంటే మాస్కు మొహానికి అతకదు. క్యాన్సర్ మందుల పౌడరు దగ్గరైతే అన్ని వైపులా మూసి ఉండే ఐసొలేటర్‌లోనో, గాలి సరఫరా ఉన్న సూట్‌లోనో తప్ప మామూలు మాస్కుతో నిలబడకండి.

గ్లవ్స్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. నైట్రైల్ గ్లవ్స్ హెక్సేన్‌కు బాగానే ఆగుతాయి. డీఎంఎఫ్ వాటిలోంచి తొందరగా దిగిపోతుంది, దానికి బ్యూటైల్ రబ్బరు కావాలి. చేతికి ఏమీ మంట లేదు కాబట్టి లోపలికి పోలేదనుకుంటారు. డీఎంఎఫ్ చర్మం గుండానే ఒంట్లో చేరుతుంది. తడిసిన ప్యాంటు వెంటనే మార్చుకోవాలి. వృషణాల మీది చర్మం పల్చన, ఏదైనా త్వరగా పీల్చుకుంటుంది.

షిఫ్ట్ అయ్యాక స్నానం చేసి, ఫ్యాక్టరీ బట్టలు అక్కడే వదిలి ఇంటికి వెళ్లండి. యూనిఫామ్ ఇంట్లో ఉతికించకండి, ముఖ్యంగా భార్య గర్భవతి అయితే. కడుపులో మగబిడ్డ వృషణాలు తయారై హార్మోన్లు మొదలుపెట్టేది మొదటి మూడు నెలల్లోనే. సుమారు 8 నుంచి 14 వారాల మధ్య కాలం చాలా కీలకం, చాలామందికి నెల తప్పిన సంగతి తెలిసి కాస్త రోజులే అవుతుంది అప్పటికి. క్యూసీ ల్యాబుల్లో, ప్యాకింగ్‌లో పనిచేసే ఆడపిల్లలు గర్భం కోసం చూస్తున్నప్పుడే చెప్పి పని మార్పించుకోవడం మంచిది.

ఇంకొకటి. ఫ్యాక్టరీల నుంచి వచ్చే నీలం డ్రమ్ములు ఊళ్లలో నీళ్లకు వాడుతున్నారు. ఎన్నిసార్లు కడిగినా అందులో ఏముండేదో మీకు తెలియదు. దయచేసి తాగే నీళ్లకు వాడకండి.

పరీక్ష ఎప్పుడు, ఎలా

వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, ఆ తర్వాత ఎపిడిడైమిస్ గొట్టంలో ఎదగడానికి ఇంకో రెండు వారాలు. అంటే ఇవాళ రిపోర్టులో కనిపించేది మూడు నెలల కిందటి సంగతి. పిల్లల కోసం అనుకుంటే కనీసం మూడు నెలలు ముందే హెచ్ 360 సాల్వెంట్లు లేని బ్లాకుకు మార్చమని అడగండి. చాలామంది షిఫ్ట్ ఇన్‌చార్జులు కారణం చెబితే కాదనరు. నోటితో చెప్పడం ఇబ్బందైతే ఫ్యాక్టరీ డాక్టరుతో రాయించుకోండి.

వీర్యపరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు కలయిక లేకుండా ఉండాలి. శాంపిల్ ల్యాబులోనే ఇస్తే మంచిది. ఇంటి నుంచి తెస్తే జేబులో ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకుని గంటలోపు అందించాలి. మామూలు కండోమ్‌లో తేకూడదు, అందులోని పూత కణాలను చంపుతుంది. గత రెండు మూడు నెలల్లో గట్టి జ్వరం వచ్చి ఉంటే ఆ మాట చెప్పండి, జ్వరానికే కౌంట్ పడిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం కింది హద్దులివి: వీర్యం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం 3.9 కోట్లు, కదిలేవి 42 శాతం, మామూలు ఆకారం ఉన్నవి 4 శాతం. ఆకారం 4 శాతమే చూసి బెంబేలెత్తకండి, అది మామూలే. ఒక్క రిపోర్టుతో ఏమీ తేల్చకూడదు, కొన్ని వారాల తేడాతో ఇంకోటి కావాలి. కౌంట్ బాగా తక్కువుంటే డాక్టరు ఎఫ్ఎస్‌హెచ్ (వృషణాన్ని పనిచేయించే మెదడు హార్మోను), టెస్టోస్టిరాన్ రక్తపరీక్షలు రాస్తారు. ఎఫ్ఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంటే వృషణంలోనే ఉత్పత్తి దెబ్బతిన్నదని సూచన.

జన్యువుల చురుకు కొలిచే పరీక్ష చేయిస్తామని ఎవరైనా వేలకు వేలు అడిగితే ఇవ్వకండి. అది పరిశోధనశాలల పని, దాన్ని చూసి మీకు వైద్యం మారదు. దాని బదులు ఒంట్లోకి కెమికల్ ఎంత పోయిందో కొలిచే మూత్రపరీక్షలున్నాయి. హెక్సేన్‌కు 2,5-హెక్సేన్‌డయోన్, డీఎంఎఫ్‌కు ఎన్-మిథైల్ ఫార్మమైడ్ చూస్తారు. షిఫ్ట్ చివర్లో శాంపిల్ ఇవ్వాలి. సెలవు రోజు పొద్దున ఇస్తే అసలు మోతాదు తెలియదు. బ్యాటరీ, సీసం పనివాళ్లకైతే రక్తంలో సీసం పరీక్ష.

అన్నీ ఫ్యాక్టరీ మీదికే తోసేయకండి. వేరికోసీల్ (వృషణం పైన రక్తనాళాలు ఉబ్బడం) ఉండొచ్చు, సిగరెట్టు, గుట్కా ఉండొచ్చు, బాయిలర్ దగ్గరి వేడి ఉండొచ్చు. "వీక్‌నెస్" అంటే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేసేవాళ్లున్నారు, జిమ్ముల్లోనూ దొరుకుతోంది. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే మెదడు నుంచి వృషణానికి వచ్చే హార్మోన్లు ఆగి వీర్యకణాల తయారీ పడిపోతుంది. పిల్లలు కావాలనుకునేవాడు ఆ ఇంజెక్షన్ జోలికే పోకూడదు.

వాట్సాప్‌లో వచ్చే వార్తలు

"ప్లాస్టిక్ వల్ల మగజాతి అంతం" లాంటివి వచ్చినప్పుడు మూడు చూడండి: ఏ జంతువు, ఎంత మోతాదు, ఏ వయసులో. ఎలుకలకు డీబీపీ చాలా ప్రయోగాల్లో కిలో బరువుకు రోజుకు 500 మిల్లీగ్రాములు ఇచ్చారు. నేరుగా లెక్కగడితే 60 కిలోల మనిషి రోజుకు 30 గ్రాములు తాగినట్టు. పైగా మనిషి పిండం వృషణ కణజాలాన్ని ఎలుకల్లో అతికించి డీబీపీ ఇచ్చినప్పుడు ఎలుక పిల్లల్లోలా టెస్టోస్టిరాన్ పడిపోలేదు, బీజకణాల్లో మాత్రం తేడాలు కనిపించాయి. వింక్లోజోలిన్ అనే శిలీంధ్రనాశిని ప్రభావం నాలుగు తరాల మగ ఎలుకల దాకా పోయిందని 2005లో మైకేల్ స్కిన్నర్ బృందం ప్రకటిస్తే ప్రపంచమంతా మారుమోగింది. తర్వాత వేరే ల్యాబులు చేసి చూస్తే అదే ఫలితం రాలేదు. ఇలాంటివి చదివి నిద్ర పాడుచేసుకోకండి. లాత్రాప్‌లోలా పనివాళ్లలోనే లెక్కపెట్టి చూసిన కెమికల్స్‌కు మాత్రం వెంటనే భయపడండి, జాగ్రత్తపడండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ నోట్‌బుక్ తీసుకెళ్లండి. కెమికల్ పేర్లు, సీఏఎస్ నంబర్లు, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఏ బ్లాకులో, సెంట్రిఫ్యూజ్ దగ్గరా ప్యాకింగ్ దగ్గరా, చర్మం మీద పడిన సందర్భాలు, అన్నీ. మన దగ్గర చాలామంది డాక్టర్లు "ఏం పని చేస్తావ్?" అని అడిగి "కంపెనీలో" అనగానే ముందుకెళ్లిపోతారు. అక్కడ ఆపి కాగితం చేతిలో పెట్టండి. బ్లాకు మారిన తేదీ కూడా రాసుకోండి. ఆ తేదీ నుంచి మూడు నెలలు నిండాక, అదే ల్యాబులో, అన్నే రోజుల విరామంతో మళ్లీ పరీక్ష చేయించుకుని రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూపించండి.